ఆరు దాటాక కరెంటు

ఆ మంగళవారం పొద్దున్న కొయ్యూరు కొండల మీద మబ్బు బాగా కిందికి దిగి కూర్చుంది. నర్సీపట్నం మీద మాత్రం ఎండ. జీడిపిక్కలు ఆరబోయమనాలో వద్దనాలో తెలియక తాతబ్బాయి గారు కళ్ళంలో నిలబడి చాలాసేపు పైకి చూశారు. ఏదీ తేలక ఆఫీసులోకి వచ్చి దీనాని పిలిచారు.

"ఏటమ్మా, నీ వెబ్‌సైటు మళ్ళీ తెరుచుకోలేదంట."

"తెరుచుకుందండీ. ఇప్పుడే చూశాను."

"నువ్వు చూస్తే తెరుచుకుంటాది. ఆ న్యూజెర్సీ ఆయన చూస్తే తెరుచుకోదు. నువ్వు కొంటావా కంటైనరు పప్పు?"

దీనా మళ్ళీ ఒకసారి తెరిచి చూసింది. తెరుచుకుంది.

తాతబ్బాయి గారిది రావికమతం రోడ్డులో జీడిపప్పు కంపెనీ. దీనా అందులో నాలుగేళ్ళు కాటా దగ్గర కూర్చుని, ఆడవాళ్ళు కొట్టిన పప్పు తూకం రాసింది. కాటా ఉండేది రేకుల షెడ్డులో. పిక్కలు కాల్చే పొగంతా అక్కడికే వస్తుంది. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు, కొంచెం జరిగి కూర్చునేవాళ్ళు. అందుకే సాయంత్రాలు బజారులో కంప్యూటరు కోర్సు చేసింది.

ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, పప్పు కొందామని చూస్తున్న న్యూజెర్సీ ఆయన మీ కంపెనీకి వెబ్‌సైటు ఉందా అని రాశాడు. విశాఖపట్నం కంప్యూటరు కంపెనీ వాళ్ళు అది పెట్టి చూసుకోడానికి ఏడాదికి పద్దెనిమిది వేలన్నారు. తాతబ్బాయి గారు ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి చూశారు. అంకె మారలేదు. అప్పుడు దీనా, "ఇక్కడే మనమే పెట్టుకోవచ్చండీ" అంది. ఆ ఒక్క మాటతో ఆమె కుర్చీ కాటా దగ్గర్నుంచి ఆఫీసులోకి వచ్చింది.

వెబ్‌సైటుని నడిపే దానికి సర్వరు అని పేరే గానీ అది పాత లెక్కల కంప్యూటరు. మూత తీసి దుమ్ము దులిపి, పత్రికతో ఊరికే వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించింది. కరెంటు పోతే ఆదుకోడానికి ఇన్వర్టరు, దానికి ట్రాక్టరు బేటరీ. వేడెక్కకుండా పప్పు డబ్బాల గదిలో పెట్టి, కిటికీకి తడిగోనె కట్టింది. బేటరీ కూడా అయిపోతే, మళ్ళీ కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే లేచేలా అమర్చింది. ఈ చివరి ఏర్పాటు తలుచుకుంటే దీనాకి లోపల కాస్త గర్వంగా ఉండేది. కొంప ముంచింది అదే.

"శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాడంట," అన్నారు తాతబ్బాయి గారు. "తెరుచుకోలేదా, వియత్నాం వాళ్ళ దగ్గర కొనుక్కుంటాడంట. నేనూ ఈ గోల విశాఖ వాళ్ళకి ఒప్పజెప్పేస్తాను. నువ్వు కాటా దగ్గరకి ఎళ్ళిపోదువుగాని. నీ తూకంలో ఏ రోజూ తేడా రాలేదు."

ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నారు.

సర్వరు దగ్గరికి ఎవరొచ్చారో, ఎప్పుడొచ్చారో అది తనే రాసి పెట్టుకుంటుంది. దీనా మూడు వారాల రాత ముందేసుకుని కూర్చుంది. సాయంత్రం ఆరూ అయిదు దాకా ఉంది. ఆ తర్వాత పొద్దున్న ఆరున్నర దాకా ఒక్క అక్షరం లేదు. రోజూ అంతే. ఇక్కడ ఆరంటే న్యూజెర్సీలో పొద్దున్న ఎనిమిదిన్నర. ఆయన కాఫీ తాగి కుర్చీలో కూర్చునేసరికి ఇక్కడ సర్వరు చచ్చిపోతోంది. ఆయన పక్క ఎక్కే వేళకి లేస్తోంది. పొద్దున్న దీనా వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు తిరుగుతూ ఉంటోంది.

సబ్‌స్టేషనుకి ఫోను చేస్తే ఆరింటికి కోత లేదన్నారు. ఆ సాయంత్రం ఆమె రోజూలా అయిదింటికే ఇంటికి వెళ్ళకుండా డబ్బాల గదిలోనే ఉండిపోయింది.

ఆరయ్యింది. కాపలా జోగులు వచ్చి గది బయట గోడ మీది మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు. ఇన్వర్టరు కీచుమంది. జోగులు డబ్బాల గదిలోకి వచ్చి, చేతికి తువ్వాలు చుట్టుకుని, బేటరీ తీగ ఊడదీశాడు. సర్వరు నోరు మూసుకుంది.

"తాతా! ఏటి చేస్తున్నావు?"

"నువ్వింకా ఎల్లలేదేటమ్మా? ఆరైపోనాది."

"అది తీయకూడదు తాతా. తెల్లార్లూ నడవాలది."

"ఏటీ నడవకూడదు. ఆరు దాటితే కంపెనీలో కరెంటుండకూడదు. పెద్దాయన మాట."

పెద్దాయనంటే తాతబ్బాయి గారి నాన్న. పద్దెనిమిదేళ్ళ కిందట ఓ సాయంత్రం తీగలు రాసుకుని, నిప్పురవ్వ ఒకటి జీడితొక్కల కుప్ప మీద పడింది. తొక్కలో నూనె ఉంటుంది. అంటుకున్నాక నీళ్ళకి లొంగదు. షెడ్డు రెండు రోజులు కాలింది. మూడో రోజు పెద్దాయన ఆ మాట చెప్పి తాళాలు జోగులు చేతిలో పెట్టారు. ఆయన పోయి ఆరేళ్ళయినా మెయిన్ రోజూ దిగుతూనే ఉంది.

"మెయిన్ సరే. ఇది బేటరీ కదా?"

"బేటరీలో ఉండేది కరెంటు కాదా? మజ్జిగేటి?"

"మూడు వారాల్నుంచీ రోజూ తీస్తున్నావా?"

"ఒక్క పూట మానలేదమ్మా," అన్నాడు జోగులు, ఆమె మెచ్చుకుంటోందనుకుని. "పొద్దున్న నానే పెట్టీసి మెయిన్ ఎత్తుతాను."

బుధవారం దీనా తాతబ్బాయి గారికి సంగతంతా చెప్పి, జోగులుకి ఒక్క మాట చెప్పమంది.

"నేనా?" అన్నారాయన. కాసేపు బల్ల మీది స్టాంపు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టారు. "చెప్తే వింటాడమ్మా. విన్నాడంటే మరి నాకు నిద్దర పట్టదు. ఇంకోటేదైనా చూడు."

ఆ సాయంత్రం ఆరింటికి ఆవరణంతా చీకటయింది. దీనా సైకిలు తోసుకుంటూ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. గేటు పక్క జోగులు కాపురముండే గదిలో బల్బు వెలుగుతోంది. స్టూలు మీద టేబుల్ ఫ్యాను తిరుగుతోంది.

"ఇదెలా వెలుగుతోంది తాతా?"

"ఇది కంపెనీ కరెంటు కాదు. స్తంభం మీంచి వొచ్చిందే. పెద్దాయన ఏయించేరు. మీటరు నా పేరునుంది." పేరు సంగతి చెప్పేటప్పుడు కొంచెం నిటారుగా నిలబడ్డాడు.

"పెద్దాయన మాట దీనికి లేదా?"

"ఇది కంపెనీ కాదు కదా. ఇల్లు."

దీనా గుమ్మం పట్టుకుని గదిలో నాలుగు మూలలూ చూసింది. పొయ్యి దగ్గరున్న జోగులు పెళ్ళాం సింహాద్రమ్మకి ఆ చూపు నచ్చలేదు.

"ఏటే గుంటా, మా ఇల్లు కొంటావేటి?"

"ఓ పెట్టె పెట్టుకుంటాను మామ్మా. ఇంతే ఉంటుంది."

"ఏటి తింటాది?"

"కరెంటే. రెండు బల్బులంత. ఆ బిల్లు కంపెనీ కట్టేలా చూస్తాను. వేడెక్కితే మాత్రం గాలి కావాలి."

సింహాద్రమ్మ ఫ్యాను వైపు చూసింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. తర్వాత మొగుడి వైపు చూసింది. జోగులు తొందరగా జవాబు చెప్పే మనిషి కాదు.

"తొక్కల కుప్ప ఇటేపు లేదులే," అన్నాడు చివరికి.

గురువారం టెలిఫోను లైన్‌మాన్ మత్స్యలింగం ఇంటర్నెట్టు వచ్చే ఆఫీసు తీగని గోడ వెంబడే గేటు దాకా లాగాడు. ఎందుకని అడిగి, చెప్తే విని, మళ్ళీ అడిగాడు. బియ్యం డ్రమ్ము పక్కన స్టూలు మీద సర్వరు కూర్చుంది. ట్రాక్టరు బేటరీ మంచం కిందికి వెళ్ళింది. స్టూలు దిగిన ఫ్యాను సర్వరు మొహాన తిరిగింది. దీనా టీ తాగి వచ్చేసరికి సింహాద్రమ్మ స్టూలు కోళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు పెట్టేసింది.

"నీళ్ళెందుకు మామ్మా?"

"సీమలెక్కవా మరి? జీడిపప్పు కంపెనీది కాదేటి?"

దీనా ఒక్కో గిన్నెలో సగం నీళ్ళు ఒంపేసింది. గిన్నెలు తీయమనే ధైర్యం రాలేదు.

శుక్రవారం ఆరింటికి జోగులు మెయిన్ దించి, తాళాలేసి, గదిలోకి వచ్చాడు. సర్వరు మీది పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. దాని వైపు కాసేపు చూసి, తువ్వాలు విప్పి మెడ తుడుచుకున్నాడు. దీనా తెర ముందు చాప మీద కూర్చుంది. ఆరుంబావు. ఆరున్నర. ఎవరూ రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఏడవ్వడానికి పన్నెండు నిమిషాలున్నాయనగా తెర మీద ఒక వరస పడింది. ముందున్న నంబరు చూస్తున్న కంప్యూటరుది, అది ఆమెకి తెలుసు. ఆయన పంపిన ప్రతి మెయిలు తలకట్టులోనూ అదే. తర్వాత ఇంకో వరస, ఇంకోటి. మొదటి పేజీ. షెడ్డు ఫోటో. పప్పు రకాల పేజీ.

తాతబ్బాయి గారు స్కూటరు గేటు బయటే ఆపి వచ్చారు. చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డారు.

"తెరిచాడండీ," అంది దీనా.

"కొంటానన్నాడా?"

"ఇంకా లేదండీ. పప్పు రకాల దగ్గర నాలుగు నిమిషాలున్నాడు. ఇప్పుడు మన అడ్రసు చూస్తున్నాడు."

"నాలుగు నిమిషాలా?" ఆయన తెర వైపు వంగి చూశారు. అందులో అంకెలు తప్ప ఏమీ లేవు. "మా బావమరిది కూడా అంతసేపు చూడడు మన పప్పుని."

తెర మీద ఇంకో వరస పడింది. న్యూజెర్సీ ఆయన ఇంకా వెళ్ళలేదు.

"సోమవారం ఆఫీసులోకే వచ్చి కూర్చో. కాటాకి ఇంకో మనిషిని చూస్తాను," అన్నారు తాతబ్బాయి గారు.

"కూకోండి బావూ. కూడొండీసేను," అంది సింహాద్రమ్మ.

ఆయన వెళ్ళిపోతానని అనబోయి, చాప అంచున కూర్చున్నారు. వేడన్నం, వంకాయ ఎండుచేపల కూర. కంచాలు మూడే ఉన్నాయి. సింహాద్రమ్మ తనకి సత్తు మూకుట్లో వడ్డించుకుంది. గాలంతా స్టూలు వైపే పోతోంది. నలుగురికీ చెమటలు కారుతున్నాయి. దీనా ఎడం చేత్తో నుదురు తుడుచుకుంది. జోగులు కూర గిన్నె తాతబ్బాయి గారి వైపు జరిపాడు. ఆయన ఒక ముక్క తీసుకుని, గిన్నె దీనా వైపు జరిపారు.