మొహమాటస్తుల ఇల్లు

డ్రైవింగ్ మేడమ్‌కి మొహమాటం ఎక్కువంటే ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళు ఎవరూ నమ్మరు. పక్క సీట్లోంచి ఆవిడ 'బ్రేక్' అని ఒక్క కేక వేస్తే వెనకొచ్చే లారీవాడు కూడా ఆగేవాడు. అంతటి మనిషీ చుట్టాల ముందుకొచ్చేసరికి పిల్లి అయిపోయేది. తప్పు ఆవిడది కాదు, వంశానిది.

ఆ వంశంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి కూడా అడిగితే 'సరే, మీ ఇష్టం' అనాలి. నాకు ఫలానాది కావాలి అని నోరు తెరిచి అడగడం ఆ ఇంట్లో బూతు కింద లెక్క. ఆవిడ నాన్నగారు ఒక పెళ్ళిలో, వడ్డించేవాడు రెండుసార్లే అడిగి ముందుకెళ్ళిపోయినందుకు అర్ధాకలితో ఇంటికొచ్చి, పెళ్ళివారు చాలా మర్యాదస్తులని మెచ్చుకున్నారు.

ఇలాంటి వంశానికి పరాయి దేశంలో ఒక ఇల్లుంది. మేడమ్ తాతగారి తమ్ముడు, అంటే చినతాత, వయసులో ఉండగా అక్కడికి వెళ్ళి, కుట్టుమిషన్లు బాగుచేసి సంపాదించి కొన్నాడు. ఒక్కడి పేరునే పెట్టుకుంటే అన్నయ్య ఏమనుకుంటాడోనని ఇద్దరి పేర్లూ రాయించాడు. ఆ అన్నయ్య ఏమీ అనుకోలేదు. చూడ్డానికి వెళ్తే వాటా కోసం వచ్చాడనుకుంటారేమోనని జన్మలో అటువైపు వెళ్ళలేదు. ఉత్తరాలు కూడా మర్యాదగా తగ్గి, మర్యాదగా ఆగిపోయాయి.

ఇప్పుడు చినతాత పోయాడు. ఆ ఇంటికి మిగిలిన వారసులు ఇద్దరే: ఇక్కడ మేడమ్, అక్కడ చినతాత మనవడు. వరసకి తమ్ముడు, ఎప్పుడూ చూసింది లేదు. అమ్మ పోయినప్పటి నుంచి మేడమ్‌కి నా అనేవాళ్ళు ఎవరూ లేరు. ఇంటి సంగతి తేల్చుకోమని అక్కడి లాయరమ్మ కబురు పెట్టగానే, సెలవు పెట్టి విమానం ఎక్కింది. ఇంటి కంటే తమ్ముణ్ణి చూడాలనే ఆవిడకి ఎక్కువగా ఉంది. ఆ మాట పైకి అంటే అది ఆ వంశం ఎందుకవుతుంది?

తమ్ముడు ఆ ఇంటి కింద ఉన్న కుట్టుమిషన్ల కొట్లోనే ఉన్నాడు. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, చేతులకి మిషను నూనెతో ఎదురొచ్చాడు.

"ఏమ్మాయ్, ప్రయాణం సుఖంగా జరిగిందా?" అన్నాడు.

యాభై దాటిన మేడమ్ బిత్తరపోయింది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అతన్ని పెంచింది తాతే, తెలుగు నేర్పిందీ తాతే. అందుకని ముప్పై ఏళ్ళ కుర్రాడి నోట్లోంచి ఎనభై ఏళ్ళ పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. అక్కా అనాలి నాయనా అని చెప్తే బుద్ధిగా తలూపాడు. కాఫీ కలపనా అన్నాడు. వద్దంది. మళ్ళీ అడిగాడు. వద్దంది. మూడోసారీ అడిగాడు. మనవాడే, అనుమానం లేదు అనుకుంది మేడమ్. 'సరే, నీ ఇష్టం' అంది సంతోషంగా.

అయితే కొట్లో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. మిషన్లకి గుడ్డలు చుట్టి అట్టపెట్టెల్లో సర్దేశాడు. ఓహో, అమ్మేసుకుని వెళ్ళిపోదామని అబ్బాయి నిర్ణయం అనుకుంది. ఆ మాట అడిగితే బాగుండదని అడగలేదు. అతను పక్క వీధి గిడ్డంగి ఆసామి కొంటానంటున్నాడని చెప్పాడు. నీ ఇష్టం నాయనా అంది. లేదక్కా, నీ ఇష్టం అన్నాడు. ఇలా ఆ సాయంత్రమంతా ఇంటిని ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తోసుకున్నారు.

పడుకోడానికి పైనున్న వెనక గది చూపించాడు. అది పెదతాత, అంటే మేడమ్ తాతగారి గదట. అన్నయ్య ఎప్పుడైనా వస్తాడేమోనని చినతాత ఆ మంచం మీద ఎవర్నీ పడుకోనివ్వలేదట. వారం వారం దుప్పటి మాత్రం మార్చేవాడట. మేడమ్ ఆ మంచం మీద కూర్చుని, రాని తాతగారి తరఫున కాసేపు ఏడ్చింది. ఇల్లు పోతే ఈ అబ్బాయితో తనకి ఏ సంబంధమూ మిగలదని అప్పుడు బాగా తెలిసింది. అయినా మర్నాడు చక్కగా తయారై సంతకం పెట్టడానికి బయల్దేరింది.

లాయరమ్మ గదిలో గిడ్డంగి ఆసామి అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లాయరమ్మ అడిగేది తమ్ముడు తెలుగులో చెప్పాడు: ఈ ఇల్లు మీ అంతట మీరు ఇష్టపడే అమ్ముతున్నారా?

మేడమ్ తమ్ముడి ఇష్టమంది. తమ్ముడు అక్క ఇష్టమన్నాడు.

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. ఇల్లు నాదంటే నాదని ఇదే గదిలో జుట్లు పట్టుకున్నవాళ్ళని చూసిందట. నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళని చూడటం ఇదే మొదలట. ఎవరి ఇష్టం వాళ్ళు చెప్పకపోతే రిజిస్ట్రేషను జరగదని చెప్పి, అవునా కాదా అని మేడమ్ వైపు చూసింది. లాయరమ్మ రెండోసారి అడిగే రకంలా లేదు.

మేడమ్ తమ్ముడి వైపు చూసింది. తల వంచుకుని గోళ్ళలో నూనె మరక గీరుకుంటున్నాడు.

"నాకు అమ్మాలని లేదు," అంది మెల్లిగా.

తమ్ముడు దాన్ని తర్జుమా చెయ్యడం మర్చిపోయాడు. "మరి చెప్పలేదేం?"

"నువ్వు మిషన్లన్నీ సర్దేశావుగా."

"నువ్వు అమ్మడానికే వస్తున్నావనుకున్నానమ్మాయ్. నా సామాను చూసి మొహమాటపడతావని సర్దాను. కొట్టు మూసేసి నేనెక్కడికి పోతాను? నాకు ఇంకో పని రాదు."

తమ్ముడు అప్పుడు గుర్తొచ్చి తర్జుమా చేసేసరికి గిడ్డంగి ఆసామి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. లాయరమ్మ మాత్రం నవ్వాపుకోలేక ఇద్దర్నీ మెట్ల దాకా సాగనంపింది.

ఒకసారి నోరు తెరుచుకున్నాక మేడమ్‌కి ఇక ఆపడం రాలేదు. మెట్లు దిగుతూనే మొదలుపెట్టింది. పైన గది తనకి కావాలి. ఏటా సెలవులకి వస్తుంది. ఆ గది కిటికీ బిగుసుకుపోయింది, బాగుచేయించాలి. వారానికోసారి ఫోన్ చెయ్యాలి, అదీ తీరిగ్గా. చినతాత సంగతులన్నీ మొదటి నుంచి చెప్పాలి. చివరి మెట్టు మీదకొచ్చాక వెనక్కి చూస్తే తమ్ముడు పైనే ఆగిపోయి ఉన్నాడు. ఆవిడకి భయం వేసింది.

"ఎక్కువ అడిగేశానా?"

అతను కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "తాత పోయాక నన్ను ఏదైనా కావాలని అడిగినవాళ్ళే లేరక్కా," అన్నాడు. "ఇంకా అడుగు."