పదిహేనో పేరు

జహీరాబాదులో బీదరు రోడ్డు మీద, పప్పు మిల్లుకు ఎదురుగా ఉన్న మేడపైన, ఉదయం ఆరు గంటలకు పన్నెండు టైపు మిషన్లు ఒక్కసారిగా మోగడం మొదలయ్యేది. యజమాని రేవణసిద్ధప్ప అంతకు పది నిమిషాల ముందే వచ్చి, తాళం తీసి, బసవేశ్వరుని పటం ముందు అగరువత్తి వెలిగించి, తన కుర్చీలో ఆసీనుడయ్యేవాడు. ఆ ఇన్‌స్టిట్యూటులో ఆయన విధించిన నియమం ఒకటుండేది. అభ్యాసానికి కూర్చున్న ప్రతి వ్యక్తీ కాగితం పైభాగాన ముందుగా ఆయన పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఏడు వరుసలు కొట్టవలె. ఆ తరువాతనే మిగిలిన పాఠం. ఏడింటిలో ఒక్క తప్పు దొర్లినా కాగితం చించి మళ్ళీ మొదలుపెట్టవలసిందే. పాఠం చెప్పి, తప్పులను ఎర్ర పెన్సిలుతో గుర్తించి, చివర సంతకం చేసేది మనోరమ. ఆమె ఆరేళ్ళుగా ఆ పనిలో ఉంది.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు వేసవిలో రేవణసిద్ధప్ప హైదరాబాదు నుంచి ఒక కంప్యూటరు కొని తెచ్చి వెనుక గదిలో పెట్టించాడు. చెప్పులు బయట విడిచి గాని ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టరాదు. యంత్రంతో పాటు డెబ్బై ఒక్క కాగితాల కట్ట వచ్చింది. అది పులి-మేక ఆటకు సోర్సు, అంటే మనిషి చదువుకోగలిగిన రూపంలో ఉన్న ఆట. దానిని పొల్లుపోకుండా యంత్రంలో కొట్టి, యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చవలె. ఆ మార్చడాన్నే కంపైలు అన్నారు. మొదటి కాగితం మీద ఒక ప్రకటన ఉంది: ఈ ఆటను ఎవరైనా నకలు చేసుకోవచ్చు, ఎవరైనా తమకు తోచినట్లు మార్చుకోవచ్చు.

మనోరమ పదకొండు రోజులు కొట్టింది. మొదటిసారి కంపైలు చేసినప్పుడు యంత్రం అరవై నాలుగు తప్పులు చూపింది. అవి దిద్దుతుండగా రెండుసార్లు కరెంటు పోయింది. చివరకు ఒక్కటే లోపం మిగిలింది. పదిహేను మేకలకు పేర్లు పెట్టే చోటు ఖాళీగా ఉంది. మనోరమ కిటికీలోంచి కిందికి చూసింది. మెట్ల పక్కన, పాలమ్మే అనంతమ్మ మేకలు కట్టివేసి ఉన్నాయి. మనోరమ వేలు చూపి వాటిని లెక్కించింది. సరిగ్గా పదిహేను. కుంటిది, చుక్క, బొల్లి, కొమ్ములది, ఇలా అనంతమ్మ పిలిచే పేర్లనే వరుసగా కొట్టింది. అరగంటలో కంపైలు పూర్తయింది.

ఆ సాయంత్రం పప్పు మిల్లు శివరాజ్ పులి పక్షాన కూర్చున్నాడు. మేకల పక్షాన యంత్రమే ఆడుతుంది. చివర రాసిన పేరు గల మేక ముందుగా బరిలోకి దిగుతుంది. శివరాజ్ పులి ఆ మేక మీదుగా దూకిన క్షణాన, కింద మెట్ల పక్కన ఒక తాడు నేలకు జారింది. మెడకు వేసిన ముడి వేసినట్లే ఉంది. మేక లేదు.

దీనికి ఊరిలో ఎవరూ ఆశ్చర్యపడలేదు. పులి తింటే మేక పోతుంది, అంతే. ఆట బాగున్నదని మాత్రం అందరూ చెప్పుకున్నారు. మరునాటి నుంచి బ్యాంకు మేనేజరూ, దవాఖాన డాక్టరూ చెప్పులు విడిచి వరుసలో నిలబడ్డారు.

మూడో మేక పోయిన రోజున అనంతమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. బస్టాండు హోటలుకు పాలు పోసి బతుకుతుంది. ఆ పదిహేను మేకలే ఆమెకున్న ఆధారం.

"సారూ, మీ ఆటల పులి నా మూడో మేకను గూడ తిన్నది. తాడు గట్లనే ఉన్నది, ముడి గూడ ఇప్పలే."

"ఆట అన్నంక తినదా? ఆట ఆటే గదనే అనంతమ్మా," అన్నాడు శివరాజ్, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే.

"జర పేర్లు తీసేయిర్రి సారూ. నీ కాల్మొక్త."

రేవణసిద్ధప్ప నవ్వాడు. "పేర్లు తీస్తే ఉత్త గింజలు మిగుల్తయి. ఉత్త గింజలతోని ఎవరాడ్తరు? పానం ఉంటెనే మజా. అయినా ఫస్టు కాయిదంల ఏం రాసున్నదో ఎరికేనా? ఎవరన్న మార్చుకోవచ్చని. నీకొస్తే నువ్వే మార్చుకో, ఎవరొద్దన్నరు?"

గదిలో ఉన్నవారంతా విరగబడి నవ్వారు. అనంతమ్మ మనోరమ వైపు తిరిగింది.

"పేర్లు రాసింది నువ్వేనా బిడ్డా? మందను ఏలు జూపి నిండ లెక్కవెట్టినవా? ఒక్కదాన్ని లెక్కల వెట్టకుండ ఇడిసిపెట్టాలె. లేకుంటె దిష్టి గొడ్తది. మీ ఇంట్ల ఎవ్వరు చెప్పలేదా?"

మనోరమ తల వంచుకుంది. పేర్లు తొలగించడం ఆమెకు అరగంట పని. కాని చిరాగ్‌పల్లిలో పక్షవాతంతో పడి ఉన్న తండ్రికి మందులు ఈ జీతంతోనే వస్తాయి.

మరునాడు ఆరు గంటలకు అనంతమ్మ మూడో నంబరు మిషను ముందు వచ్చి కూర్చుంది. ఫీజు కింద రోజూ చెంబెడు పాలు ఇస్తానంది. రేవణసిద్ధప్పకు అదొక వినోదంగా తోచి సరేనన్నాడు.

ఆమెకు అక్షరం రాదు. ఏ వేలు ఏ మీట మీద పడవలెనో మాత్రమే నేర్చుకుంది. తక్కిన విద్యార్థులు, "అవ్వా, మేకలకు జాబులు రాస్తవా?" అని ఎగతాళి చేసేవారు. "రాస్త. మీ అసొంటోళ్ళకంటె అవే నయం, జాబు నమిలన్న చూస్తయి," అనేది ఆమె, చేతులు ఆపకుండా. మొదటి నెల అంతా యజమాని పేరే కొట్టింది. కాగితాలు చిరిగాయి, గోళ్ళు పగిలాయి, చివరకు కళ్ళు మూసుకున్నా ఆ పేరు తప్పు లేకుండా పడేది. రెండో నెలలో మనోరమ, ఎవరూ చూడకుండా, మేకల పేర్లున్న కాగితాన్ని ఆమె మిషను పక్కన పెట్టింది. ఏ వరుసలో ఏ మేక పేరుందో చెప్పింది. అంతకు మించి ఏమీ చేయలేదు.

చెంబులో పాలు రోజురోజుకూ తగ్గాయి.

"ఏందే, గ్లాసుకు గూడ వస్తలేవు?" అని గద్దించాడు రేవణసిద్ధప్ప ఒకనాడు.

"నిన్న డాక్టరు సారు గెలిచిండు గదా అయ్యా," అంది అనంతమ్మ.

నాలుగో నెల ముగిసేసరికి మొదట రాసిన కుంటిది ఒక్కటే మిగిలింది. ఒక్క మేకతో పులికి ఆట లేదు. వచ్చేవారు తగ్గారు. కొత్త పేర్లు రాయిద్దామంటే, మొగుడంపల్లి నుంచి మందలు తోలుకొచ్చేవారు ఆ మేడ ముందు నుంచి రావడమే మానుకున్నారు.

అప్పుడు అనంతమ్మ అడిగింది. "రాస్తె పోయినయి. మల్ల రాస్తె ఎందుకు రావు సారూ? నన్ను రాయనియ్యి."

రేవణసిద్ధప్ప ముఖం వికసించింది. వస్తే పులికి మళ్ళీ మేత. "రాయవే, రాయి. నాడే చెప్తి గదా."

ఆ సాయంత్రం వెనుక గది నిండిపోయింది. శివరాజ్ ముందు వరుసలో కూర్చున్నాడు. అనంతమ్మ పాత జాబితా తుడిపించి, ఒక్కొక్క పేరే కొట్టింది. చుక్క, బొల్లి, కొమ్ములది. పద్నాలుగు పేర్లు, ఒక్క తప్పు లేదు. కుంటిదాని పేరు కొట్టలేదు. చేతులు ఒడిలో పెట్టుకుంది. మనోరమ కంపైలు మొదలుపెట్టగానే యంత్రం ఆగిపోయింది.

"పేరు ఒకటి తక్కువైంది సార్," అంది మనోరమ.

"పదిహేనోది కొట్టవేమే?"

"మంద నిండ చెప్పరాదయ్యా. ఆఖర్ది నేను చెప్ప."

"గింతమంది కూసున్నరు, ఇప్పుడు దిష్టి గిష్టి అంటవా! దానిది గాకుంటె ఇంకేదన్న కొట్టు. నీ చేతికొచ్చింది కొట్టు, జల్ది!"

అనంతమ్మ కళ్ళు మూసుకుంది. నాలుగు నెలలుగా ప్రతి ఉదయమూ ముందుగా కొట్టిన మాటనే ఆమె వేళ్ళు కొట్టాయి. రేవణసిద్ధప్ప అప్పుడు డాక్టరుకు కుర్చీ జరుపుతున్నాడు. మనోరమ తెర వైపు చూసింది. ఆ పేరును అక్షరం అక్షరంగా చదివింది. నోరు తెరవలేదు. మీట నొక్కింది.

అరగంట తరువాత, తప్పులు లేవని యంత్రం చెప్పింది. అదే సమయంలో మెట్ల కింద ఒక్కటొక్కటిగా మేకలు అరిచాయి. అనంతమ్మ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి చూసింది. లెక్కపెట్టలేదు.

శివరాజ్ పులిని ముందుకు జరిపాడు. చివర రాసిన పేరు ముందుగా బరిలోకి దిగింది, పులికి ఎదురుగా, వెనుక గడి ఖాళీగా. రేవణసిద్ధప్ప అప్పుడు తెర చూశాడు.

"ఏయ్, ఆగు శివరాజ్! అది నా పేరు! అది నేను!"

"ఆట ఆటే గద సారూ," అన్నాడు శివరాజ్. ఆయన వేలు అప్పటికే మీట మీద పడింది.

రేవణసిద్ధప్ప నిలబడ్డ చోట ఎవరూ లేరు. గది బయట ఒక జత తోలు చెప్పులు మాత్రం విడిచినవి విడిచినట్లే ఉన్నాయి. డాక్టరు గడియారం చూసుకున్నాడు. "మిగిల్నవి రేపు ఆడుదాం," అన్నాడు. అందరూ తమ తమ చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

మనోరమ కూర్చుని పదిహేను పేర్లనూ తొలగించింది. ఆ చోట ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టి మళ్ళీ కంపైలు చేసింది. అనంతమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందవ్వా. ఇంక నీ మేకలకు ఫికర్ లేదు."

"గింతేనా?" అనంతమ్మ పగిలిన గోళ్ళ వైపు చూసుకుంది. "నాలుగు నెల్లు నీ ముంగట కూసున్న బిడ్డా. గీ పని నీకు మొదటి దినమే వచ్చు గదా."

అనంతమ్మ మెట్లు దిగి, తాళ్ళన్నీ విప్పి, పద్నాలుగు మేకలనూ, కుంటిదానినీ తోలుకుని ఝరాసంగం దారి పట్టింది. తిరిగి ఆ రోడ్డు మీద కనిపించలేదు.

పదిహేను రోజుల తరువాత రేవణసిద్ధప్ప భార్య శరణమ్మ మేడ ఎక్కి వచ్చింది. భర్త కుర్చీలో మనోరమ కూర్చుని ఉంది.

"రాస్తె మల్ల వస్తరంట గదా మనోరమా. నువ్వే ఆ పేరు కొట్టరాదా?"

మనోరమ ఆట కట్టలోంచి మొదటి కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. "ఎవరన్న మార్చుకోవచ్చని రాసున్నదక్కా. ఆరు గంటలకు రండి. నేర్పుత."

శరణమ్మ మరునాటి నుంచి వస్తోంది. మూడో నంబరు మిషను ముందు కూర్చుంటుంది. చురుకైన చెయ్యి, నెలలోనే పాఠాలన్నీ వచ్చాయి. ఇన్‌స్టిట్యూటు నియమం నేటికీ మారలేదు. కాగితం పైభాగాన ఆ పేరు ఏడు వరుసలు కొట్టిన తరువాతనే పాఠం. కాని పెనిమిటి పేరు నోట పలకడం గాని, చేత రాయడం గాని ఆమె పుట్టినింటా మెట్టినింటా ఆచారం లేదు. ఆమె ప్రతి ఉదయమూ ఏడు వరుసలు ఖాళీగా వదిలి ఎనిమిదో వరుస నుంచి మొదలుపెడుతుంది.

మనోరమ ఆ కాగితం తీసుకుని, తప్పులు లేవని ఎర్ర పెన్సిలుతో రాసి, సంతకం చేస్తుంది.