నవ్వులు తీసేశాక

ఓదెలు కారు కింద పొడవాటి పిడి ఉన్న అద్దం తోసి, అలవాటుగా తొంగిచూసి, గేటు దగ్గర అడ్డకర్ర పైకెత్తాడు. మాదాపూర్‌లో ఆ అద్దాల భవనం ముందు ఏళ్ల తరబడి అతని పని అదే. ఎండకు వెలిసిన నీలం చొక్కా, మోకాలి నొప్పితో కాస్త పక్కకు వాలి నిలబడే తీరు, రోజూ చూసేవాళ్లకు కూడా గుర్తుండని ముఖం.

ఈరోజు మాత్రం అతని చూపు మాటిమాటికీ నాలుగో అంతస్తు మీదికి పోతోంది. అక్కడి ఖాళీ హాల్లో సెట్ వేసి, భానుశ్రీ అనే అమ్మాయి టీవీ కోసం ఒక కామెడీ సీరియల్ మొదటి ఎపిసోడ్ తీసింది. వాచ్‌మన్ వేషానికి రావలసిన నటుడు రాకపోతే, కిందికి దిగొచ్చి ఓదెలునే అడిగింది. అతను జంకుతూనే కెమెరా ముందు నాలుగు మాటలు చెప్పాడు. ఆ ఎపిసోడ్ నచ్చితేనే ఛానెల్ మిగతావి తీయిస్తుంది. ఈరోజే వాళ్లొచ్చి చూస్తారు.

మధ్యాహ్నం భానుశ్రీ కబురు పంపితే, గేటు తోటి గార్డుకు అప్పగించి పైకెళ్లి హాల్లో వెనకగా నిలబడ్డాడు.

తెర మీద ఎవరు నోరు విప్పినా గలగలా నవ్వులు, ఎక్కడో రికార్డు చేసి అతికించినవి. తలుపు తీస్తే నవ్వు. చెప్పు జారితే నవ్వు. హాల్లో కూర్చున్నవాళ్లు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. అంతలో తెర మీద వాచ్‌మన్ వేషంలో ఓదెలు కనిపించాడు. ఉద్యోగం పోయి, ముఖం వేలాడేసుకుని అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూలబడ్డ అమ్మాయిని చూసి, "తిన్నవా బిడ్డా?" అన్నాడు.

వెంటనే తెర వెనక నుంచి పగలబడి నవ్వులు.

ఓదెలు తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. ఆ మాట అనేటప్పుడు అతనికి కూతురు స్వప్న గుర్తొచ్చింది. నర్సింగ్ పరీక్ష తప్పిన రోజు బోరబండలో ఇంటి గడప మీద అచ్చం అలాగే కూర్చుంది. ఆ రోజూ అతనికి వేరే మాట తోచలేదు.

ఛానెల్ తరఫున వచ్చిన ప్రవీణ మర్యాదగానే చెప్పింది. "నవ్వండి నవ్వండి అని ఇన్నిసార్లు చెబితే నవ్వు రాదు భానూ. సారీ, ఇది తీసుకోలేం."

వాళ్లు వెళ్లిపోయాక కూడా ఓదెలు కదల్లేదు.

"నవ్వించనీకి అనలే మేడం, గా మాట."

భానుశ్రీ తల వంచుకుంది. "తెలుసండి. కాసేపు నిశ్శబ్దంగా ఉంటే జనం ఛానెల్ మార్చేస్తారని భయపడ్డాను. అందుకే దొరికిన చోటల్లా నవ్వులు పెట్టేశాను."

"జర గా నవ్వులు తీసి చూపిస్తరా? ఒక్కపారి."

ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, నవ్వులన్నీ తీసేసి మళ్లీ వేసింది.

"తిన్నవా బిడ్డా?" తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ అమ్మాయి తలెత్తి, "లేదు. పెడతావా?" అంది. వాచ్‌మన్ కంగారుగా జేబులు తడుముకుని నలిగిన బిస్కెట్ పొట్లం తీశాడు. ఉన్నది ఒక్కటే, అదీ విరిగింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి కొలిచి, పెద్దది ఆమెకిచ్చాడు. మళ్లీ ఆలోచించి, చిన్నదీ ఇచ్చేశాడు.

భానుశ్రీ కిసుక్కున నవ్వింది. ఆ వెనకే ఓదెలూ నవ్వాడు.

"ఇంతకాలం ఇది నాకే వినపడలేదండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ రాస్తాను. ఇక్కణ్ణించే మొదలుపెడతాను. మీరు వస్తారు కదా?"

"డ్యూటీ లేనినాడు వస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

సాయంత్రం సెట్ విప్పి వ్యానుకెక్కించారు. గేటు దాటుతుంటే భానుశ్రీ కిటికీలోంచి చెయ్యూపింది. ఓదెలు కూడా ఊపాడు. వ్యాన్ ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

అందులో పట్టని సెట్ తలుపు ఒకటి, ఆకుపచ్చది, ప్రహరీకి ఆనించి ఉండిపోయింది. వెనక ఇల్లు లేకపోయినా దాని చట్రానికి కాలింగ్ బెల్ మీట అలాగే ఉంది, ఎవరో వచ్చి నొక్కుతారన్నట్టు.