ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్ళనివాడు

జైల్లో బట్టలుతికే షెడ్డులో అతన్ని అందరూ తడిబట్ట అనేవాళ్ళు. ఉతకమంటే ఉతుకుతాడు, పిండమంటే చుక్క మిగలకుండా పిండుతాడు, ఇస్త్రీబల్ల దగ్గరికి మాత్రం చంపినా వెళ్ళడు. నలభై ఏళ్ళు మీద పడుతున్న మనిషి, కొట్లాటలో ఒకడి ప్రాణం తీసి వచ్చినవాడు, ఇస్త్రీపెట్టెకు భయపడటమేమిటని తోటివాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. నవ్వేస్తే ప్రశ్నలు తప్పుతాయి మరి.

ఈ సంగతి షెడ్డు మేస్త్రీ ద్వారా జైలు కౌన్సెలర్ చెవిన పడింది. శిక్ష తగ్గించమని అతను పెట్టుకున్న అర్జీ అప్పుడే జడ్జి ముందుకు వెళ్తోంది. చిన్నతనంలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబితే నివేదికలో రాస్తానని, త్వరగా బయటపడటానికి ఉన్న దారి అదొక్కటేనని ఆవిడ చెప్పింది. వీపు మీద కాలిన మచ్చల గురించి అడిగింది. ఆడుకుంటూ ఇస్త్రీపెట్టె మీద పడ్డానన్నాడు.

"పడితే ఒక్కచోట కాలుతుంది. మీకు వీపంతా ఉన్నాయి. ఎవరు చేశారు?"

ఆవిడ 'మీరు' అని మర్యాద ఇచ్చినందుకే అతను సిగ్గుతో సగం చచ్చిపోయాడు. నాన్న ఇస్త్రీ దుకాణం, లోపల్నుంచి వేసిన గడియ, వెనక గదిలో అమ్మ వంట, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అతని కేకలు వినబడితే అమ్మ గరిటె ఇంకా గట్టిగా తిప్పేది. నాన్న ఎప్పుడో పోయాడు, ఆయనకు పోయే పరువేం లేదు. అమ్మ ఉంది కదా. పైగా అంత వయసొచ్చి, నన్ను మా నాన్న కాల్చాడని పసివాడిలా చెప్పుకోవాలంటే ప్రాణం ఉసూరుమంది.

"నేనే అల్లరివాణ్ణి మేడమ్. మా ఇంట్లో నామీద ఎవరూ చెయ్యెత్తలేదు."

ఆ వారమే ములాఖత్‌కి అమ్మ వచ్చింది. కౌన్సెలర్ ఇంటిదాకా వచ్చి ఆరాలు తీసిందని, ఇరుగుపొరుగు ముందు తల కొట్టేసినట్టయిందని వాపోయింది. మధ్యనున్న జాలీకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది.

"ఆవిడతో ఏం చెప్పావురా?"

"ఏమీ చెప్పలేదమ్మా."

ఆమె ముఖం తేటపడింది. జాలీ సందులోంచి వేలు పెట్టి అతని వేలిని తాకింది.

"నా బంగారు తండ్రివిరా."

ఆ మాట ఆమె నోట అతను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. ఒక్కసారిగా పొంగిపోయాడు, పొంగిపోయినందుకు వెంటనే సిగ్గుతో చితికిపోయాడు. అర్జీ గంగలో కలిసిందని తెలుసు, ఇంకా ఏళ్ళకేళ్ళు ఈ గోడల మధ్యేనని తెలుసు. అయినా ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని, టైమైపోయిందని వార్డరు అరుస్తున్నా అమ్మ ముఖంకేసే చూస్తూ నిలబడ్డాడు.