సువాసన వేసే హెల్మెట్

మా ఊరు సిన్సెలెహోలో మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కే ఆడవాళ్ల సంచీలో దువ్వెన ఉన్నా లేకపోయినా ఒక ప్లాస్టిక్ కవరు మాత్రం ఉంటుంది. బండివాడు మోచేతికి తగిలించుకుని తిరిగే రెండో హెల్మెట్ పెట్టుకునే ముందు దాన్ని తలకు చుట్టుకుంటారు. పొద్దున చేపలమ్మే ఆవిడ, ఆ తర్వాత జుట్టుకు జెల్ దట్టించిన ఎవడో పెట్టుకున్నది మధ్యాహ్నానికి మన నెత్తికెక్కుతుంది. లోపలి గుడ్డ ఏ వేళ ముట్టుకున్నా తడే. అందరి చెమటా కలిసి పులిసిపోయి, మూత తీయగానే చెత్తకుండీ కొట్టినట్టు కొడుతుంది.

ఎబెర్తో హెల్మెట్ ఒక్కటే అలా ఉండదు. పూలవాసన వేస్తుంది. వీధిలో ఆడవాళ్లు అతని బండి కోసం ఎండలో నిలబడి మరీ కాచుకుంటారు.

ఎబెర్తో మా అమ్మాయి డార్లెనిస్‌కి జ్ఞానతండ్రి. బాప్తిస్మం నాడు గుళ్లో ఎత్తుకున్నవాడు. ఇక్కడ ఆ చుట్టరికం ముందు సొంత అన్నదమ్ముల వరస కూడా దిగదుడుపే. అమ్మాయి నర్సు చదువుకి లారీల రోడ్డు మీదుగా ఊరవతలికి వెళ్లాలి. రోజూ తీసుకెళ్లేది అతనే.

కొన్నాళ్లుగా దాని జుట్టులో తెల్లటి పలుకులు కనిపిస్తున్నాయి. ముందు చుండ్రనుకున్నాను. నిన్న సాయంత్రం దువ్వుతుంటే దువ్వెన పళ్లకి గోధుమరంగు జిగురు సాగింది. వాసన చూశాను. పూలవాసన కింద ఇంకేదో ఘాటు.

ఈ ఉదయం ఎబెర్తో వచ్చి, మా ఆయన నాఫెర్ పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేను హెల్మెట్ వంటగట్టు మీద వెల్లకిలా పెట్టి, లోపలి గుడ్డ అంచు పట్టుకుని లాగాను. పుండు మీద కట్టు ఊడినట్టు ఊడి వచ్చింది. కింద దళసరిగా ఉండాల్సిన థర్మోకోల్ నడినెత్తి దగ్గర లేనే లేదు. పుచ్చిన పంటిలో గొయ్యిలా తినేసి ఉంది. గొయ్యి చుట్టూ జిగురు, ఆ జిగురులో ఎవరెవరివో వెంట్రుకలు. నల్లవి, నెరిసినవి, రంగేసినవి.

"అన్నయ్యా, దీన్ని దేంతో కడుగుతున్నావు?"

"అదా చెల్లెమ్మా! అందరూ అడిగేవాళ్లే." కప్పు కింద పెట్టి కాలు మీద కాలు వేసుకున్నాడు. "పెట్రోలు! శనివారం శనివారం లోపలంతా రుద్దేస్తా. కంపుతోపాటు పేలూ ఛస్తాయి. పైన కాస్త నేల తుడిచే సెంటు నీళ్లు. ఈమధ్యే వీధి మూలమీద బండ్లవాళ్లందరికీ కూడా నేర్పాను!"

"పెట్రోలుకి థర్మోకోల్ కరిగిపోతుంది."

"పోనీ. తల చల్లగా ఉంటుంది."

నాఫెర్ నవ్వాడు. "దానికి సామాన్లు తోమడం అయ్యాక కూడా ఏదో ఒకటి తోమాలి బావా. నువ్వు తాగు."

కాలేజీలో నేను చదివింది రసాయనశాస్త్రం. పెళ్లయ్యాక మరకలకి తప్ప పనికిరాలేదు. అయినా ఇది తెలుసుకోవడానికి చదువక్కర్లేదు, వేలు పెడితే చాలు. పెట్టాను. వేలు నేరుగా పైచిప్పకి తగిలింది.

"కింద పడితే ఈ చిప్ప ఆగిపోతుంది, అన్నయ్యా. లోపలున్న తల ఆగదు. వెళ్లి చిప్పకే కొట్టుకుంటుంది. ఈ థర్మోకోల్ మధ్యలో ఉండి, తను నలిగి, దెబ్బంతా తను తినాలి. నలగడమే దాని పని. నలిగేదాన్నే నువ్వు కడిగి పారేశావు."

ఎబెర్తో లేచి వచ్చి రోకలి తీసుకుని హెల్మెట్ మీద ఠంగున ఒక్కటి కొట్టాడు. "చూశావా? గీత పడిందా? కొబ్బరికాయరా బాబూ ఇది!"

"కొబ్బరికాయని కిందేస్తే పెంకు గురించి ఎవడేడుస్తాడు?"

నాఫెర్ ముఖం మాడ్చుకున్నాడు. "పొద్దున్నే తలకాయల కబుర్లేంటే? బావ పడేస్తాడా మన పిల్లని?"

టీవీ పెట్టెలోంచి వచ్చిన థర్మోకోల్ ముక్క అటక మీద ఉంది. తెచ్చి పళ్లెంలో పెట్టి, లైటరులో పోసే పెట్రోలు సీసా తీసి కాస్త వంచాను. ఉప్పు చల్లిన నత్తలా కుంగిపోయి, చీమిడిలా మిగిలింది. ఇద్దరూ వంగి చూశారు.

"అది పెట్టె," అన్నాడు ఎబెర్తో చివరికి. "ఇది హెల్మెట్."

ఆ మాటకి వచ్చిన రోత ఆ జిగురుకి కూడా రాలేదు.

తెల్ల యూనిఫారంలో, మా మాటలు వింటూనే డార్లెనిస్ గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, ఇవాళ వార్డులో మొదటిరోజు. ఆలస్యమైతే బయట నిలబెడతారు. అదిలా ఇచ్చెయ్."

చెయ్యి చాచింది. నేను చేపలు కోసే కత్తెర తీసి, గడ్డం కింద కట్టుకునే పట్టీ కత్తిరించేశాను. రెండో వైపు కూడా.

ఎబెర్తో హెల్మెట్ మీద చెయ్యేశాడు. "నా పిల్ల అది. గుళ్లో ఎత్తుకున్నాను."

"ఎత్తుకున్నావు. ఫాదర్ నీళ్లు పోస్తుంటే తల వాలిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టావు. ఇప్పుడేం అడ్డం పెట్టావు?"

హెల్మెట్ లాక్కుని వెళ్లిపోయాడు. నాఫెర్ అతని వెనకే గేటు దాకా పరుగెత్తి, తిరిగొచ్చి, "పద్దెనిమిదేళ్ల చుట్టరికం కత్తెరతో కోశావు" అని, నా వైపు చూడకుండా లోపలికి పోయాడు. గేటు బయట ఎబెర్తో తెగిన పట్టీని షూలేసుతో ముడివేయడం నాకు కనిపించింది. ముడి బిగించి, మోచేతికి తగిలించుకుని బండి తీశాడు.

డార్లెనిస్ నన్ను కళ్లతోనే కాల్చేసి, సంచీ భుజాన వేసుకుని నడిచింది. గేటు పట్టుకుని చూస్తున్నాను. మూల మీద బండ్లవాళ్లు ఎప్పటిలాగే పిలిచారు.

"రావే నర్సమ్మా! నా హెల్మెట్ సెంటు సీసా!"

"వాడిది కాదే, నాది చూడు!"

అది ఆగింది. మొదటివాడి హెల్మెట్ తీసుకుని తలకిందులు చేసింది. గుడ్డ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తిరిగి ఇచ్చేసింది. రెండోది, మూడోదీ అంతే. వాళ్లు పగలబడి నవ్వుతున్నారు. "పుచ్చకాయలు కొంటున్నావేంటే?" అంటున్నారు. ఒక్కొక్కటీ ఇచ్చేశాక ఆ వేలిని తెల్ల గౌను అంచుకి తుడుచుకుని, ఇంకోదానికి చెయ్యి చాస్తోంది.