చంద్రమండలంలో పెండ్లి ప్రకటన

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊరంతా అంటారు. ఉంటే ఉండనీ. నోరు విప్పలేని మనిషిని ప్రేమించినదానికి ఆ కోపం కూడా లేకపోతే ఎట్లా బతకాలి? మీరే చెప్పండి.

రష్యావాడొకడు ఆకాశంలోకి వెళ్ళి భూమి చుట్టూ తిరిగి దిగిన ఏడాది అది. మా ఊరు యర్రగొండపాలెం దారిలో. అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లానే. ఆ వార్త మా ఊరికి ఎవరు మోసుకొచ్చారో గానీ, అది విన్నప్పటి నుంచీ ఏబేలుకు పిచ్చి పట్టింది. ఏబేలు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. శనివారం మధ్యాహ్నం గోనెసంచి నిండా విరిగిన పలకలు మోసుకుని బస్సు దిగేవాడు. ఆ పలకల మీద నాటకం రాసేవాడు. ఎవరి మాటలు వాళ్ళ పలక మీద. పొద్దు గూకేలోపల బడి ముందు బల్లలు వేసి ఆడేసి, పలకలు తడిగుడ్డతో తుడిచేసేవాళ్ళు. వచ్చే శనివారానికి ఆ కథే ఇంకొంచెం ముందుకు నడిచేది.

కథంతా చంద్రమండలం మీదే. దోర్నాల అడవి చెక్‌పోస్టు దగ్గర దారి తప్పినవాళ్ళు కొందరు అక్కడికి చేరతారు. చుట్టూ రాళ్ళు, దుమ్ము, చుక్క నీళ్ళు లేవు. "అబ్బ, మన తాలూకానే ఇది, మనం యాడికీ పోలేదు" అని సంబరపడి గుడిసెలు వేసుకుంటారు. ఊరికి చంద్రాపురం అని పేరు పెట్టుకుంటారు. అక్కడ మేకలు ఎగిరితే మళ్ళీ దిగడానికి ఒక పూట పడుతుంది. అందుకని కాపరి వాటి కాళ్ళకు బండరాళ్ళు కట్టి మేపుతాడు. కాపరి వేషం మా ఊరి గొర్రెల మస్తానయ్యది. చంద్రాపురం పాదిరిగారి వేషం వడ్రంగి బ్రహ్మానిది. జనం దాన్ని ఎంత నమ్మారంటే, ఒక వారం ఏబేలు కథలో ఒక మేకను గుంతలో పడేసి చంపితే, మస్తానయ్య అతనితో మాట్లాడ్డం మానేశాడు.

ఇంత రాసేవాడికి మా నాయన ఎదురైతే నాలుక మడతపడేది. నేనంటే అతనికి ప్రాణం. నాకూ అంతే. అయినా ఇంటికొచ్చి అడగడు! మా నాయన సంజీవరావు సంఘపెద్ద. మా చర్చి గుడిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు పాదిరి అయ్యగారు ప్రకటన చదువుతారు. ఫలానావాళ్ళకు పెండ్లి నిశ్చయమైంది, ఎవరికైనా ఆక్షేపణ ఉంటే చెప్పండి అని. అప్పుడు సంఘం తరఫున పెద్ద లేచి, కండువా సర్దుకుని, "ఆక్షేపణ ఏమీ లేదు అయ్యగారూ" అనాలి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ మాట మా నాయనదే. ప్రకటన చదివేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఆక్షేపణ అన్న మాట చెవిన పడగానే లేస్తాడు.

ఆ నాయనే నాకు గిద్దలూరు కాంపౌండరు వరప్రసాదం సంబంధం ఖాయం చేశాడు. అతను మాటలని, ముచ్చట్లని ఏదో ఒక వంకతో శనివారం శనివారం మా ఊళ్ళో దిగేవాడు. ఒక శనివారం పొద్దున నాయన సద్ది తాగుతూ, రేపే మొదటి ప్రకటన అని చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సు దిగిన ఏబేలును బడి వెనక పట్టుకున్నాను.

"ఏంది, బతికినావా సచ్చినావా? రేపు గుడిలో ప్రకటనంట. పొయ్యి మా నాయన్ని అడుగు."

"నాకు నోరు రాదు యేసుమణీ. రాయమంటే రాస్తా గానీ..."

"అయితే రాసుకో పో! ఈ పొద్దు నువ్వు అడగకుంటే, రేపు నా పేరు గిద్దలూరాయన పేరుతో కలిపి చదువుతారు. ఆ తర్వాత నువ్వు పొయ్యి సెందురుని మీద గుడిసె ఏసుకున్నా నాకు పని లేదు."

తిట్టడమైతే తిట్టాను గానీ, ఇంటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సాయంత్రం ఊరు ఊరంతా బడి ముందు కూర్చుంది. ముందు వరసలో వరప్రసాదానికి కుర్చీ, పక్కన మా నాయనకొకటి. మస్తానయ్య నిజం మేకపిల్లను ఎత్తుకుని, అది ఎగిరిపోతున్నట్టు పట్టుకోలేక దాని వెంట తనే ఎగురుతూ వచ్చాడు. వరప్రసాదం తొడలు చరుచుకుని ఒకటే నవ్వు. ఇంతలో బ్రహ్మం, "ఎవురో వస్తా ఉండారు! భూలోకం మనిషి!" అని అరిచాడు.

వచ్చింది ఏబేలు. రంగు లేదు, వేషం లేదు, తన చొక్కాలోనే ఉన్నాడు. చేతిలో పలక ఒకటి.

"నేను ఏబేలును. ఈ కథ రాసేటోణ్ణి" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. చంద్రాపురం వాళ్ళు ఊరుకుంటారా? మీద పడ్డారు. "నా మేకను ఎందుకు సంపినావురా?" అని మస్తానయ్య చొక్కా పట్టుకున్నాడు. అది పలక మీద ఉన్న మాట కాదు, సొంత కడుపుమంట. "ఇన్ని వారాలాయె, ఒక్క వాన రాసేదానికి నీకు సెయ్యి రాల్యా?" అని ఇంకొకడు. "మా ఊరికి కలెక్టరు ఎప్పుడొస్తాడు?" అని మరొకడు.

"భూమ్మీద మా ఊరికే రాలేదన్నా" అన్నాడు ఏబేలు. వరప్రసాదం నవ్వలేక కుర్చీలోంచి కిందికి జారాడు.

అప్పుడు బ్రహ్మం చెయ్యెత్తి అందరినీ ఆపి, పలక చూసి చదివాడు. అచ్చం మా అయ్యగారి గొంతు, అచ్చం ఆ సాగదీత. "చంద్రాపురం సంఘస్థులకు తెలియజేయునది. ఈ కథ వ్రాసిన ఏబేలుకును, సంజీవరావుగారి కుమార్తె యేసుమణికిని వివాహము నిశ్చయింపబడినది. ఎవరికైనను ఆక్షేపణ యున్నయెడల ఇప్పుడే తెలుపవలెను."

మా నాయన లేచాడు. కండువా సర్దుకున్నాడు. "ఆక్షేపణ ఏమీ లేదు అయ్యగారూ" అన్నాడు. అని కూర్చున్నాడు కూడా!

దేవుడా, అలవాటు ఎంత పని చేసింది! ఊరంతా ఈలలు, చప్పట్లు. వరప్రసాదం ధ్యాసంతా మేకపిల్ల మీదే ఉంది. పేర్లు అతని చెవిన పడనే లేదు. బ్రహ్మం గొంతుకు మురిసిపోయి "వన్స్ మోర్!" అని కేక పెట్టాడు. నాటకంలో వన్స్ మోర్ అన్నారంటే మళ్ళీ చదవాల్సిందే, అది మర్యాద. బ్రహ్మం మళ్ళీ చదివాడు. ఈసారి నాయన కళ్ళు తెరుచుకుని విన్నాడు. మొహం కందగడ్డలా అయింది. ఆయన నోరు తెరిచేలోపల వరప్రసాదం ఇంకోసారి "వన్స్ మోర్!" అన్నాడు. బ్రహ్మం ఇంకోసారి చదివేశాడు.

"మూడు ప్రకటనలూ అయిపోయినాయి! సంఘపెద్ద ఒప్పుకున్నాడు!" అంటూ మస్తానయ్య చిందులేశాడు.

"అది సెందురుని మీద మాట! ఈడ సెల్లదు!" అని నాయన అరిచాడు.

అప్పటికి వరప్రసాదానికి సంగతి తెలిసివచ్చింది. నన్ను చూశాడు, ఏబేలును చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"నిజం సెప్తా పెద్దయ్యా. నేను శనివారం శనివారం వచ్చింది ఈ నాటకం కోసమే. పిల్ల ఒక్క దినమన్నా నా పక్క సూసింది లేదు. నాకేం ఆక్షేపణ లేదు. కాకుంటే సెందురాపురంలో ఆసుపత్రి లేదు గదా, ఒక కాంపౌండరు వేషం రాయమనండి, నేనే కడతా."

జనం పడీ పడీ నవ్వారు. నాయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"నీకేమన్నా ఆక్షేపణ ఉండాదా?" అన్నాడు.

మా గుడిలో అన్ని ప్రకటనలు చదివారు గానీ, ఏ పెండ్లికూతురినీ ఎవరూ ఆ మాట అడగలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేదు నాయనా అనేస్తే సరిపోయేది. కానీ నా కోపం ఊరుకుంటుందా?

"ఉండాది" అన్నాను. "పలక మీద రాసిచ్చి బ్రహ్మం మామతో సదివిస్తే అది అడిగినట్లా? దిగి రమ్మను. నేల మీద నిలబడి నిన్ను అడగమను. లేకుంటే నాకు ఎవురూ వద్దు."

ఏబేలు బల్లల మీద నుంచి దిగి నాయన ముందుకు వచ్చాడు. పలక చూసుకున్నాడు. చెమటకు అక్షరాలన్నీ చెరిగిపోయాయి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏమీ లేదు. నాకు భయం పట్టుకుంది. నా నోటికి మన్నుబడ, చేతికొచ్చినదాన్ని నేనే కాలదన్నుకున్నానే అనుకున్నాను. ఈ మనిషి నోరు విప్పడు, రేపు నాయన ఇంకో సంబంధం చూస్తాడు.

ఏబేలు పలక కింద పెట్టాడు.

"మామా" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ పెద్దయ్యా అనేవాడు. "నాకు యేసుమణి కావాల. ఆ పిల్లను సూస్తే నాకు భయం. నిన్ను సూస్తే ఇంకా భయం. ఆ పిల్ల లేకుండా ఉండాలంటే మాత్రం ఈ రెండిటికంటే భయమైతా ఉండాది. నాకియ్యి మామా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాయన ఇంకొక అడుగు దగ్గరికి వచ్చి, ఏబేలు మొహంలోకి చూశాడు.

"ఈ మాటలు ఎవురు రాసినారురా?"

"ఎవురూ రాయలేదు మామా. అవే వచ్చినాయి."

"అయితే ఇస్తా" అన్నాడు నాయన.