మొక్కు గడ్డం

చేపల పట్టుబడికి వారం ముందు సోమరాజు మనుషుల్ని పెట్టి దుర్గారాజు చెరువు గట్టు తెగ్గొట్టించాడు. చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. ఆ సోమరాజు చెరువు గట్టు కూడా తెగేదాకా గడ్డం తీయనని దుర్గారాజు పెద్దింట్లమ్మకి మొక్కుకున్నాడు.

ఏటా కొల్లేటికోట జాతరకి వెళ్లి, అమ్మవారి ఎదుట నిలబడి, ఈ పగ ఇంకా మొయ్యాలా అని తనను తాను అడిగేవాడు. మొయ్యాలనే అనిపించేది. ఏలూరులో వలల దుకాణం పెట్టాలన్న కోరికను మళ్లీ వచ్చే ఏటికి నెట్టేసేవాడు.

2006లో కొల్లేట్లో చెరువులు ఉండకూడదని ప్రభుత్వం పంపిన పొక్లెయిన్లు వచ్చి సరస్సులోని గట్లన్నీ కొట్టేశాయి. సోమరాజుదీ పోయింది, దుర్గారాజు మళ్లీ వేసుకున్నదీ పోయింది.

మరుసటి జాతరలో మంగలి ముందు కూర్చుంటే పక్క పీట మీద సోమరాజే ఉన్నాడు.

"తీయించేసుకో బావా, మొక్కు తీరిందిగా! నా ఒక్కడి గట్టు అడగాల్సింది. సరిగ్గా మొక్కుకోవడం కూడా రాదు నీకు."

మంగలి కత్తి ఆపాడు. "గీయమంటారా అండీ?"

గట్టు తెగింది కానీ దుర్గారాజు కడుపుమంట చల్లారలేదు. ఇంకేం కావాలో కాసేపు ఆలోచించుకున్నాడు.

"గీసెయ్యి," అని సోమరాజు వైపు తిరిగాడు. "చెరువులున్నాయని పడవ అమ్మేసుకున్నావు కదా బావా? రేపట్నుంచి నా పడవలోకి రా. గెడ వేసి పడవ నువ్వు నడుపుదువుగాని, నేను కూర్చుంటాను."

సోమరాజు నవ్వు ఆగిపోయింది. కాదంటే ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఏ రేవుకి రమ్మంటావు?" అన్నాడు చివరికి.

దుర్గారాజు రెండో చెంప కూడా నున్నగా గీయనిచ్చి, అప్పుడు తీరిగ్గా చెప్పాడు.